గ్లూమ్ మీద కాలు పెట్టనంటున్నాడు మా బాబు, డెప్త్స్ దాటడం ఎలా?

పైపులరోడ్డు టైలర్:

అందరికీ నమస్కారం. విజయవాడ సింగ్‌నగర్‌లో పైపుల రోడ్డు దగ్గర లేడీస్ టైలరింగ్ షాపు నాది. గేముల గురించి నాకు తెలిసిందంతా ఈ నెల రోజుల్లో తెలుసుకున్నదే. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పోయిన వేసవిలో మా తమ్ముడు డల్లాస్ నుంచి వస్తూ మా బాబుకి నింటెండో స్విచ్ తెచ్చిపెట్టాడు. దాంతో పాటే జెల్డా టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్. బాబు ఏడో తరగతి. హోంవర్క్ అయ్యాక గంటసేపు ఆడుకోనిస్తాను. ఆకాశంలో తేలే దీవులు, చెక్కలు అతికించి తెప్ప కట్టడం, దానికి ఫ్యాన్ బిగించి నీళ్ళ మీద నడపడం... ఏది కొత్తగా చేసినా "అమ్మా, ఒక్క నిమిషం రా" అని నన్ను మిషను మీద నుంచి లేపేవాడు.

దసరా సెలవుల్లో కథ భూమి కిందికి వెళ్ళింది, ఆ కింది లోకం పేరే డెప్త్స్. లుకౌట్ ల్యాండింగ్ అనే శిబిరంలో వాళ్ళు పెద్ద గోతిలోకి పంపిస్తారు. దూకాడు. చాలాసేపు పడుతూనే ఉన్నాడు. కింద కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. బ్రైట్‌బ్లూమ్ గింజ ఒకటి విసిరితే పడ్డచోట కాస్త వెలుగు విచ్చుకుంది. ఆ వెలుగు అంచున నేలకి అంటుకుని నల్లటి ముద్ద. లోపల నిప్పులాగా ఎరుపు, పైన పొగలాగా ఏదో లేస్తోంది. అదే గ్లూమ్. ఆటలో హీరో లింక్ కాలు అందులో పడింది. పైన ప్రాణం ఎంతుందో చూపించే వరసలో ఒక హార్ట్ పగిలింది.

బాబు కంట్రోలర్ పక్కన పెట్టేశాడు. "అమ్మా, మనింట్లోకి వచ్చింది ఇదే కదా" అన్నాడు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఆ రోజు బుడమేరు నీళ్ళు మా వీధిలోకి వచ్చాయి. సాయంత్రానికి షాపు షట్టరు సగం మునిగింది. పై వాటాలో ఇంటివాళ్ళ దగ్గర తలదాచుకున్నాం. నీళ్ళున్న అన్ని రోజులూ బాబు మెట్ల మీద కూర్చుని, నీళ్ళు ఎన్నో మెట్టు మీద ఉన్నాయో లెక్కపెట్టేవాడు. నీళ్ళు తీశాక దిగి చూస్తే ఇల్లంతా నల్లటి బురద. ఫైరింజన్లు వచ్చి వీధులూ ఇళ్ళూ కడిగాయి. బ్లీచింగ్ చల్లాం, ఫినాయిల్ పోశాం, సున్నం వేయించాం. అయినా ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లోంచి సంక్రాంతి దాకా వస్తూనే ఉంది. చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో తీసేదాన్ని. మెత్తగా, జిడ్డుగా, కిరసనాయిలు కలిసినట్టు వాసన. పుల్ల కడిగి మళ్ళీ పెడితే మళ్ళీ నల్లగానే వచ్చేది. వాడు ఆ ఫ్రిజ్‌లో నీళ్ళు ముట్టుకోలేదు చాలా రోజులు.

అందుకని వాడు ఆ మాట అనగానే నాకు ఏం చెప్పాలో తోచలేదు. "కిందికి వెళ్ళకు, పైనే ఆడుకో" అన్నాను. పైన కూడా ఆడటం మానేశాడు. స్విచ్ ఛార్జింగ్ అయిపోయి అలమరాలో పడుంది.

పదిహేను రోజులు చూసి నేనే తీశాను. రాత్రి షాపు కట్టేసి, అన్నాలయ్యాక తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా ఆడుతున్నాను. వాడు చదువుకుంటున్నట్టే ఉంటాడు గానీ ఓ కన్ను ఇటే ఉంటుంది.

నా ఇబ్బంది ఇది. ఉన్నవి ఐదు హార్ట్స్. గ్లూమ్‌లో మూడు పగిలాయి. ఆపిల్స్ తిన్నాను, మాంసం వండి తిన్నాను, పుట్టగొడుగులన్నీ అయిపోయాయి. మిగిలిన రెండూ నిండుతున్నాయి, పగిలిన మూడూ అలాగే ఉన్నాయి. అక్కడి శత్రువుల ఒంటి మీద కూడా అదే నలుపు. వాళ్ళు కొట్టినా పగులుతున్నాయి. అంతా అయిపోయి చచ్చిపోయి మళ్ళీ మొదలు. ఆ పగిలినవి బాగయ్యే దారి ఏది? దాన్ని తుడిచేసే ఆయుధం ఏమన్నా ఉందా? బాబు కోసం అడుగుతున్నాను. వాడే స్వయంగా దాన్ని దాటాలని నాకు ఉంది.


బెంజిసర్కిల్ ఆటగాడు:

అక్కా, ముందు తిండి దాచుకోండి. మామూలు దెబ్బకి హార్ట్ ఖాళీ అవుతుంది, తింటే నిండుతుంది. గ్లూమ్ అలా కాదు, గిన్నెకే చిల్లు పెడుతుంది. చిల్లుగిన్నెలో ఎంత పోసినా నిలవదు కదా. అందుకే మీ ఆపిల్స్ అన్నీ దండగయ్యాయి.

పగిలినవి బాగవ్వాలంటే వెలుగు కావాలి. అక్కడక్కడ చీకట్లో నారింజ రంగులో మినుకుమంటూ పెద్ద మొక్కలాంటివి కనిపిస్తాయి, వాటిని లైట్‌రూట్ అంటారు. దగ్గరికెళ్ళి ముట్టుకుంటే చుట్టూ ఆ ప్రాంతమంతా తెల్లారినట్టు అవుతుంది, మ్యాప్ కూడా తెరుచుకుంటుంది. దాని పక్కన నిలబడితే పగిలిన హార్ట్స్ వాటంతటవే తిరిగొస్తాయి. దొరక్కపోతే మ్యాప్ తీసి పైన ఏదో ఒక ష్రైన్‌కి (పజిల్స్ ఉండే చిన్న గుడి) వార్ప్ అయిపోండి, అంటే క్షణంలో అక్కడికి చేరిపోండి. పైకి వెలుతురులోకి వస్తే కూడా బాగవుతాయి. ఇంకోటి సన్‌డీలియన్ అనే పసుపు పువ్వు, ఆకాశ దీవుల్లో దొరుకుతుంది. కుండలో వేసి వండి దగ్గర పెట్టుకోండి, లైట్‌రూట్ దూరంగా ఉన్నప్పుడు అదే మందు.

అసలు రహస్యం ఇప్పుడు చెప్తున్నా. లైట్‌రూట్లు చీకట్లో గుడ్డిగా వెతకక్కర్లేదు. నేల మీద ఉన్న ప్రతి ష్రైన్‌కీ సరిగ్గా కింద ఒక లైట్‌రూట్ ఉంటుంది. ఆటలో మొత్తం 152 ష్రైన్లు, అందులో 32 ఆకాశంలో, 120 నేల మీద. లైట్‌రూట్లు కూడా 120. మ్యాప్‌లో కర్సర్ ష్రైన్ మీద ఉంచి, అలాగే కింది లేయర్‌కి మారండి. అదే చోటికి నడవండి. పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాలు వెనక్కి చదివినట్టు ఉంటాయి. జియోసిన్ ష్రైన్ కింద ఉన్న లైట్‌రూట్ పేరు నిసోయిజ్. మీ బాబుకి ఇది చూపించండి, వాడికి నచ్చుతుంది.

ఇంకోటి. పైన గుట్ట ఉన్నచోట కింద పల్లం, పైన పల్లమైతే కింద గుట్ట. పైన నది ఉంటే కింద దాటలేని గోడ. మన లెక్కలో చెప్పాలంటే పైన కృష్ణ పారుతుంటే దాని కింద అంత పొడవునా కొండ నిలబడి ఉన్నట్టు. ఇది తెలియక నేను రెండు రాత్రులు ఒక గోడకి అటూ ఇటూ తిరిగాను.

తుడిచే ఆయుధం మాత్రం లేదక్కా. తప్పించుకుని పోవడమే. బాబు భయపడుతుంటే డెప్త్స్ భాగం మీరే ఆడేసి, మిగతాది వాడికి ఇచ్చేయండి. అదే తేలిక.


వాంబే కాలనీ:

అక్కా, మాదీ మీ పక్కనే. మా హాల్లో గోడ మీద గీత ఇప్పటికీ ఉంది. రంగు వేయిద్దామంటే నాన్న వద్దన్నారు. మీ బాబు అన్న మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

ఆట సంగతికొస్తే, నేలంతా గ్లూమ్ అయితే నేలకి దిగకుండా పోవడమే. రెండు ఫ్యాన్లు, ఒక స్టీరింగ్ స్టిక్ తీసుకోండి. స్టిక్‌కి ముందొక ఫ్యాన్, వెనకొక ఫ్యాన్, కొంచెం ఏటవాలుగా అతికించండి. ఎక్కి స్టిక్ పట్టుకుంటే లేస్తుంది. ఒకసారి కట్టారంటే ఆటోబిల్డ్ (కట్టినదాన్ని దానంతటదే మళ్ళీ కట్టే శక్తి) వచ్చాక మళ్ళీ మళ్ళీ కట్టుకోవచ్చు. బ్యాటరీ చిన్నదైతే ఎక్కువసేపు ఎగరదు, అయిపోతే నేరుగా గ్లూమ్‌లోనే పడతారు, అది మాత్రం చూసుకోండి. నేను అలా పడ్డాను.

చిన్న మడుగులైతే అల్ట్రాహ్యాండ్‌తో (వస్తువులు ఎత్తి అతికించే శక్తి) చెక్క ఎత్తి మీద పరిచి దాటొచ్చు. వరదలో మనం ఇటుకల మీద చెక్కలు వేసుకుని బాత్రూముకి వెళ్ళలేదా, అలాగే.

చేతులు వస్తే మాత్రం పరిగెత్తండి. నేల మీద గ్లూమ్ గుంట నుంచి ఎర్రటి చేతులు లేస్తాయి, అరచేతిలో కన్ను ఉంటుంది. ఆకాశం ఎర్రబడిందంటే అవి వచ్చినట్టే. ఎత్తైన రాయి ఎక్కి, బాణానికి బాంబ్ ఫ్లవర్ తగిలించి కళ్ళకి కొట్టాలి. ఐదు హార్ట్స్‌తో వద్దు. బాబు చూస్తున్నప్పుడు అసలు వద్దు.


పైపులరోడ్డు టైలర్:

తమ్ముళ్ళిద్దరికీ చాలా థాంక్స్. చిల్లుగిన్నె అనగానే నాకు అర్థమైపోయింది.

నిన్న రాత్రి ష్రైన్ చూసుకుని కింద అదే చోటికి వెళ్ళాను. దారిలో మళ్ళీ రెండు పగిలాయి. గింజలు పొదుపుగా విసిరాను, ముందు ఒకటి, దాని వెలుగు అయిపోయే చోట ఇంకొకటి. దూరంగా నారింజ చుక్క కనిపించింది. దగ్గరికెళ్ళి ముట్టుకున్నాను. ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, ఒక్కసారిగా ఆ చుట్టుపక్కల కొండలూ చెట్లూ అన్నీ బయటికొచ్చాయి. పైన చూస్తే పగిలిన హార్ట్స్ ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. నా వెనక బాబు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో నేను చూడలేదు.

అయితే వాడు అడిగింది ఇది: "అమ్మా, లైటు వచ్చింది సరే, నేల మీద నలుపు పోలేదేంటి?" నిజమే. వెలుగొచ్చాక ఇంకా బాగా కనపడుతోంది. "ఆ ఆటలో నీళ్ళు లేవా? కడగరా?" అన్నాడు.

నేనే ఆడేసి మిగతాది వాడికి ఇవ్వమన్నారు బెంజిసర్కిల్ తమ్ముడు. ఆలోచించాను గానీ మనసొప్పలేదు. వరదప్పుడు కూడా ఏదీ వాడిని ముట్టుకోనివ్వలేదు నేను. పై వాటాలోనే కూర్చోబెట్టి కిందంతా మేమే కడిగాం. ఇన్ఫెక్షన్ వస్తుందని భయం. వాడు మెట్ల మీద నుంచి చూస్తూ ఉండిపోయాడు. ఈసారి కూడా పక్కన కూర్చోబెట్టాలా అనిపిస్తోంది.

ఏమన్నా కడిగే దారి ఉంటే చెప్పండి.


బ్రాడీపేట డ్రాయింగ్ మాస్టారు:

అమ్మా, గుంటూరు నుంచి రాస్తున్నాను. 2017 మార్చిలో బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ వచ్చినప్పటి నుంచీ ఈ ఆటలు ఆడుతున్నవాణ్ణి. మీ అబ్బాయి అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు ఉంది, చివర్లో చెప్తాను. ముందు ఈ నలుపు సంగతి కొంచెం చెప్పనివ్వండి.

ముందు ఆటలోనూ ఇలాంటిది ఉండేది, దాని పేరు మాలిస్. ఊదా నలుపులో, గోడలకీ నేలకీ కండలాగా పట్టుకుని ఉండేది. అక్కడక్కడ ఒక కన్ను తెరుచుకుని చూసేది. ఆ కంటికి బాణం వేస్తే దాని చుట్టూ ఉన్న నలుపు అంతా ఆవిరైపోయేది. అంటే దానికొక ప్రాణం, ఒక గుట్టు ఉంది, కొడితే చచ్చేది. జపనీస్‌లో దాని పేరు ఒన్నెన్, మన మాటల్లో పగ. పగకి ఒక మనిషి ఉంటాడు, వాణ్ణి కొట్టొచ్చు.

2023 మే 12న వచ్చిన ఈ రెండో ఆటలో దాన్ని మార్చారు. జపనీస్‌లో గ్లూమ్ పేరు షోకి. దుర్వాయువు అనుకోండి. పూర్వం చిత్తడి నేలల నుంచి లేచే చెడు గాలి వల్లే జబ్బులొస్తాయని చాలా దేశాల్లో నమ్మేవారు. మలేరియా అన్న పేరే ఇటాలియన్‌లో 'చెడు గాలి' అన్న మాట నుంచి పుట్టింది. ఆట మొదట్లో కోట కిందికి ఎందుకు దిగుతారో గుర్తుందా? గ్లూమ్ తగిలి జనం జబ్బు పడుతున్నారని చూడ్డానికే. అది తగిలే లింక్ కుడిచెయ్యి పాడైంది, అది తగిలే అతని కత్తి మాస్టర్ సోర్డ్ తుప్పు తిన్నట్టు పాడైపోయింది. గాలికీ బురదకీ కన్ను ఉండదు కదమ్మా, బాణం ఎక్కడ వేస్తాం?

తెలుగులో దీనికి నాకు తోచిన మాట 'మైల'. ముట్టుకున్నవాడికి అంటుతుంది, తిన్నా తాగినా పోదు, దానికి వేరే శుద్ధి కావాలి. పాత ఆటలో నాలాంటివాళ్ళం ఎంత దెబ్బ తిన్నా ఆట ఆపి, సంచిలోంచి పది ఆపిల్స్ తినేసి మళ్ళీ లేచి కొట్టేవాళ్ళం. భయం ఉండేది కాదు. ఈ ఆట చేసినవాళ్ళు ఆ దారి మూసేశారు. సంచి నిండా తిండి ఉన్నా ఉపయోగం లేదు, వెలుగు ఎటుందో చూసుకుని నడవాల్సిందే. నేను డెప్త్స్‌లో మొదటిసారి నిజంగా అడుగు చూసి అడుగు వేశాను. ఒక ఆట బొమ్మగీసే మనిషిని ఇలా కట్టిపడేస్తుందని నేను అనుకోలేదు. ఆ నలుపు అంచున ఎరుపు ఎంత సన్నగా పెట్టారో మీరూ చూసే ఉంటారు. ఆ సన్నటి గీత లేకపోతే చీకట్లో అది కనపడదు, కనపడకపోతే అన్యాయం. కనపడేంత మాత్రమే ఎరుపు పెట్టారు.

బెంజిసర్కిల్ బాబూ, మీరు చెప్పిన లెక్కలన్నీ సరైనవే గానీ, డెప్త్స్ పెద్దవాళ్ళు ఆడేసి మిగతాది పిల్లాడికి ఇవ్వమన్న సలహాతో నాకు పొత్తు కుదరలేదు. కథలో ఫైర్ టెంపుల్ ఉన్నదే డెప్త్స్‌లో. చివరి పోరాటానికి కూడా కోట కింద గ్లూమ్ దాటుకునే వెళ్ళాలి. ఎప్పటికైనా ఆ పిల్లాడు దిగాల్సిందే.

ఇక కడిగే సంగతి. అమ్మా, మీ అబ్బాయిని ముందు డెప్త్స్‌కి పంపకండి. ఉత్తరం వైపు, తూర్పుగా జోరా డొమైన్ అని నీటి రాజ్యం ఉంది. అక్కడికి పంపండి. ఆ ఊరి మీద ఆకాశం నుంచి బురద కురుస్తూ ఉంటుంది. మెట్లు, స్తంభాలు, కొలను, అంతా బురద ముద్దలు. నీళ్ళు చెడి జోరాలు జబ్బు పడి పడుకుని ఉంటారు. ఆ బురదకి కన్ను లేదు, దాన్ని కొట్టి చంపే పనీ లేదు. దాని మీద నీళ్ళు పడితే చాలు, కడుక్కుపోతుంది. స్ప్లాష్ ఫ్రూట్ అని నీలంగా ఉండే పండు ఉంటుంది, విసిరితే పగిలి నీళ్ళు చిమ్ముతుంది. అంతకన్నా బావుండేది హైడ్రంట్ అనే యంత్రం. దాన్ని షీల్డ్‌కి ఫ్యూజ్ చేస్తే, అంటే అతికిస్తే, షీల్డ్ ఎత్తి పట్టుకున్నంతసేపు నీళ్ళు కొడుతూనే ఉంటుంది. బ్యాటరీ ఉన్నంతవరకూ ఎంతైనా కడగొచ్చు. ఆ కథ చివర వాటర్ టెంపుల్‌లో మక్‌టొరాక్ అని ఒకడు తగులుతాడు, ఆ బురదంతా వాడిదే. వాడినీ నీళ్ళతోనే కడగాలి.

ఇలా కడగడమే ఆటగా ఉన్నవి ఇంకా ఉన్నాయి. 2002లో వచ్చిన సూపర్ మారియో సన్‌షైన్‌లో మారియో వీపున నీళ్ళ పంపు కట్టుకుని దీవి మొత్తం కడుగుతాడు. 2006 నాటి ఓకామీలో నల్లబడిన నేల మీద కుంచెతో చెట్టుకి ప్రాణం పోస్తే, ఆ నలుపు మీదుగా పూలు పరుచుకుంటూ పోతాయి. నా విద్యార్థులకి బొమ్మలంటే ఏమిటో చెప్పడానికి ఆ ఒక్క దృశ్యం చాలాసార్లు చూపించాను. ఓకామీ స్విచ్‌లో కూడా దొరుకుతుంది. కానీ ముందు మీ చేతిలో ఉన్నదే చాలు. జోరా డొమైన్‌కి పంపండి. తొందరపెట్టకండి.


పైపులరోడ్డు టైలర్:

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. రెండోసారి బాబుకి చదివి వినిపించాను. 'మైల' అంటే ఏంటని అడిగాడు. మా నాయనమ్మ ఇంట్లో ఎలా ఉండేదో చెప్పాను. "ముట్టుకోవడం తప్పు కాదు, స్నానం చేస్తే పోయేది" అని చెప్పాను. "మరి ఫ్రిజ్‌లోది పోలేదుగా" అన్నాడు. "పోయింది, చూడు" అని ఫ్రిజ్ తలుపు తీసి రబ్బరు వేలితో విప్పి చూపించాను. దూదిపుల్ల వాడి చేతికే ఇచ్చాను. మడత మడతకీ పెట్టి చూశాడు. తెల్లగానే వచ్చింది. ఇంత చిన్న పని ఏడాదిలో ఒక్కసారీ వాడి చేత చేయించలేదు నేను.

నా కుట్టుమిషను సంగతి కూడా ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. వరదకి అది బురదలోనే ఉంది. రిపేరతను చూసి, లోపలంతా బురద కట్టింది, అమ్మేయండి అన్నాడు. నేను షటిల్ ఊడదీసి, బాబిన్ కేసు తీసి, పళ్ళ కింద పేరుకున్నదంతా సూదితో గీకి, కిరసనాయిల్లో రెండు రోజులు నానబెట్టి, ఎండలో పెట్టి, మళ్ళీ మిషనాయిలు వేసి తొక్కాను. మొదటి పది గజాలు దారం నల్లగా వచ్చింది. పాత బెడ్‌షీటు మీద కుట్టాను అవన్నీ. ఇప్పుడు జాకెట్లు కుడుతున్నది దాని మీదే. ఆ బెడ్‌షీటు దాచాను. అది బాబుకి నిన్న చూపించాను. మొదటి వరసల్లో దారం నల్లగా ఉండి, పోను పోను బూడిద రంగు, చివరికి తెలుపు. వేలితో ఆ వరసలు తడుముతూ చాలాసేపు చూశాడు.

ఇక ఆట. శనివారం జోరా డొమైన్‌కి వెళ్ళాం. కంట్రోలర్ వాడే పట్టుకున్నాడు. మొదట వంతెన మీద ఒక ముద్ద. దూరంగా నిలబడి స్ప్లాష్ ఫ్రూట్ విసిరాడు. గురి తప్పింది. రెండోది తగిలింది. ముద్ద కరిగి కింద నీలంరాయి బయటపడింది. ఏమీ మాట్లాడలేదు. ఇంకోటి విసిరాడు.

మూడు రోజులు కథ ముందుకి పోలేదు. కడుగుతూనే ఉన్నాడు. మెట్లు, స్తంభాలు, ఎవరూ వెళ్ళని మూలలు కూడా. హైడ్రంట్ షీల్డ్‌కి పెట్టుకున్నాక దానికి 'ఫైరింజన్' అని పేరు పెట్టాడు. "అక్కడ కడగలేదమ్మా, వెనక్కి పోదాం" అని నాకు చూపిస్తాడు. ఆకాశం నుంచి మళ్ళీ పడుతుంటే "పడనీ" అంటాడు. జబ్బుపడ్డ జోరాల దగ్గరికి వెళ్ళి, వాళ్ళని చూసుకునే యోనాతో మాట్లాడి, వాళ్ళకి ఎలా ఉందో చూసుకుని వస్తున్నాడు. వాటర్ టెంపుల్ నిన్న అయింది. మక్‌టొరాక్ జారిపోతుంటే ఇద్దరం అరిచాం, పై వాటావాళ్ళు ఏమైందని వచ్చారు.

ఇప్పుడు కొత్త ఇబ్బంది. ఫైరింజన్‌కి బ్యాటరీ చాలట్లేదట. కాసేపు కొట్టగానే ఆగిపోతోంది. ఫ్యాన్ బండి కూడా కట్టాడు, అదీ సగం దారిలో పడిపోతోంది. బ్యాటరీ పెద్దది చేసుకోవడం ఎలాగో అడగమన్నాడు.


వాంబే కాలనీ:

అక్కా, లుకౌట్ ల్యాండింగ్ దగ్గరే క్రిస్టల్ రిఫైనరీ అనే చోట ఒక యంత్రపు మనిషి ఉంటాడు. అతనికి 100 క్రిస్టలైజ్డ్ ఛార్జ్‌లు ఇస్తే బ్యాటరీలో ఒక భాగం పెరుగుతుంది. ఛార్జ్‌లు కావాలంటే జోనైట్ అనే ఖనిజం కావాలి. ఫోర్జ్ అనే కొలిమి దగ్గర 3 జోనైట్ ఇస్తే 1 ఛార్జ్ ఇస్తారు.

జోనైట్ మాత్రం ఎక్కువగా దొరికేది డెప్త్స్‌లోనే. రాళ్ళలో పచ్చగా మెరుస్తుంటుంది, పగలగొట్టి తీసుకోవాలి. చుట్టూ గ్లూమ్ ఉంటుంది. బాబుకి చెప్పేటప్పుడు మెల్లగా చెప్పండి.


బెంజిసర్కిల్ ఆటగాడు:

మాస్టారు చెప్పింది కరెక్ట్, నేనే తొందరపడ్డాను. అక్కా, దిగే ముందు పైన నాలుగు ష్రైన్లు పూర్తిచేసి, వచ్చిన లైట్ ఆఫ్ బ్లెస్సింగ్‌లు నాలుగూ గాడెస్ స్టాట్యూకి ఇచ్చి ఇంకో హార్ట్ తీసుకోమనండి. సన్‌డీలియన్ కూర కనీసం నాలుగు గిన్నెలు. బేర్గెయినర్ స్టాట్యూ దగ్గర నీలం మంటల్లాంటి 'పో'లు ఇస్తే డెప్త్స్ బట్టలు దొరుకుతాయి. అవి వేసుకుంటే గ్లూమ్ తగిలినా వెంటనే హార్ట్ పగలదు. పో లు కూడా కిందే దొరుకుతాయి, దారిలో ఏరుకోమనండి.


పైపులరోడ్డు టైలర్:

మీ ఇద్దరివీ వాడికి చదివి వినిపించాను. జోనైట్ డెప్త్స్‌లో ఉంటుందన్న చోట ఆగి వాడి మొహం చూశాను. "మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను.

నోట్‌బుక్ తెచ్చుకుని కూర్చున్నాడు. మ్యాప్‌లో ష్రైన్లు చూసుకుంటూ కింద లైట్‌రూట్ పేర్లు వెనక్కి తిప్పి రాస్తున్నాడు. కూర నేను వండుతానంటే వద్దు, తనే వండుతాడట. బ్రైట్‌బ్లూమ్ గింజలు 34 ఉన్నాయి, 50 అయ్యాక దిగుదాం అంటున్నాడు. ఈ రాత్రికి గుహల్లో గింజలు ఏరే పనిలో ఉన్నాం.